ఘాటు ఉంది, వాసన లేదు

ఏటుకూరు రోడ్డు మలుపు తిరగకముందే
కొత్తవాళ్లకి తుమ్ములొస్తాయి.
నాకూ వస్తాయి, ఇప్పటికీ.
కళ్లలో నీళ్లు, గొంతులో గరగర,
మంట ఎక్కడికీ పోలేదు.
పోయింది వాసనొక్కటే.

ఈ తేడా నాకు ముందు తెలీదు.
మంటకి ఒక నరం, వాసనకి ఇంకో నరం,
మీకు దెబ్బతిన్నది రెండోది, అంది డాక్టరమ్మ.
ముప్పై ఒక్క ఏళ్లు రెంటినీ కలిపి
ఒకటే పేరుతో పిలిచాను,
మిరపకాయ అని.

టిక్కీ కుట్లు విప్పి, మోచేతిదాకా చెయ్యి దూర్చి
అడుగునించి పిడికెడు లాగి ముక్కు దగ్గరికి తెస్తే చాలు:
ఇది తేజ.
ఇది పోయినేటి సరుకు, ఏసీలోంచి తీశారు.
ఇది బరువు కోసం రాత్రి నీళ్లు చల్లిన సరుకు.
రైతు కాయ వంక చూసేవాడు కాదు,
నా మొహం వంక చూసేవాడు.
నాగుల్ మీరా ముక్కుకి తూకం వెయ్యాలయ్యా అని
షావుకారు నవ్వేవాడు.

ఆ మే నెలలో పదకొండు రోజులు
పెద్దాసుపత్రిలో బోర్లా పడుకున్నాను.
ఊపిరితిత్తులు బాగయ్యాయని పంపించారు.
తల సంగతి ఎవరూ అడగలేదు.
చెప్పడానికి నాకూ తెలీదు.

ఇంటికొచ్చిన మూడోనాడు గౌసియా పప్పుకి పోపు పెట్టింది.
చిటపటమంది. అంతే.
టీవీలో ఎవరో పోపు పెట్టినట్టు.

తర్వాత మాటలు పోవడం మొదలైంది.
తెల్లగా పాలిపోయిన కాయని రెండు వేళ్లతో పట్టుకుని
షావుకారు ముందు నిలబడ్డాను, దాని పేరు రాక.
అన్నం, నీళ్లు తర్వాత
నా నోట ఎక్కువసార్లు వచ్చిన మాట అది.
తొడిమలు తీస్తున్న పోలేరమ్మ తలెత్తకుండానే
'తాలు' అంది,
నా జేబులోంచి పడ్డ చిల్లర ఏరి ఇచ్చినట్టు.

బ్రాడీపేటలో దారి తప్పేవాడుంటాడా?
లైన్లకీ అంకెలే, అడ్డరోడ్లకీ అంకెలే.
డాక్టరమ్మ చీటీ మీద రాసే ఉంది
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు, మందుల షాపు మీద అని.
ఎండలో నిలబడిపోయాను.
నాలుగు తర్వాత ఏమొస్తుందో తెలుసు,
నాలుగు ఎటుందో తెలీదు.
చివరికి ఒక ఆటో అబ్బాయి
నూటయాభై అడుగులకి ముప్పై రూపాయలు తీసుకున్నాడు.

'నరం చావలేదండీ,
దాని చుట్టూ ఉండి దానికి అన్నంపెట్టే కణాలు పోయాయి.
అవి మళ్లీ మొలవాలి. అందాకా నరం పస్తు.'
మరి ఈ మాటలు, ఈ దారులు, ఈ మబ్బు?
ఆమె పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.
'చూద్దాం' అంది.
అబద్ధం చెప్పలేదు, అందుకే మళ్లీ వెళ్లాను.

నాలుగు డబ్బాలు: లవంగం, నిమ్మతొక్క,
నీలగిరి తైలం, గులాబీ అత్తరు.
పొద్దునా రాత్రీ కళ్లు మూసుకుని పీల్చాలి.
తొమ్మిదో క్లాసు చదివే మా తబస్సుమ్ మేష్టారు.
'ఇదేంటి అబ్బా?'
లవంగం.
'కాదు, ఖాళీ డబ్బా.'
దానికి నవ్వొచ్చింది, తర్వాత వాళ్లమ్మ వంక చూసింది.

అయిదో నెలలో గులాబీ అత్తరు
కాలిన కరెంటు వైరు వాసనేసింది.
గౌసియా మీటరు దగ్గరికి పరిగెత్తింది.
నేను కూర్చున్నచోటే ఏడ్చాను.
తప్పు వాసనే.
అయినా వాసన.

ఇప్పుడు కొట్లో టిక్కీలు లెక్కపెడతాను,
ప్రతి పదికీ సుద్దగీత గీసుకుని.
కాయని చెవి దగ్గర ఊపుతాను.
ఎండినదైతే గింజ మోగుతుంది.
ముక్కు పని చెవి చేస్తోంది, సగం జీతానికి.

నిన్న వట్టిచెరుకూరు సరుకు దిగింది.
పాత అలవాటున పిడికెడు లాగి మొహం దగ్గరికి తెచ్చాను.
ఒక్క క్షణం, తడిసిన గోతం వాసన.
ముక్కు చెప్పిందో
తల ఎప్పటిదో గుర్తుచేసుకుందో తెలీదు.
'నీళ్లు చల్లారు' అన్నాను.

రైతుకి భలే కోపమొచ్చింది.
అంటే నిజమే అయ్యుండాలి.